పికాచు ఓనిక్స్‌ని ఓడించిందా? మా రూములో జరిగిన గొడవ

ఈసారి పోస్టు స్కాలర్‌షిప్ గురించి కాదు, నోటిఫికేషన్ గురించీ కాదు. పోకెమాన్ గురించి. నవ్వేవాళ్లు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మొన్న ఆదివారం రాత్రి హాస్టల్లో కరెంటు పోయింది. చీకట్లో కూర్చుని చిన్నప్పుడు టీవీలో చూసినవి మాట్లాడుకుంటున్నాం. నేను మాటల్లో "పికాచు అంత పెద్ద ఓనిక్స్‌నే కొట్టింది కదా" అన్నాను. ఒక సీనియర్ అన్న గట్టిగా నవ్వాడు. "అది కార్టూన్ రా. అసలు గేమ్‌లో అది జరగనే జరగదు. రూల్స్ తెలీకుండా మాట్లాడకు" అన్నాడు.

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. కాలేజీలో చేరిన మొదటి నెల నుంచీ అదే మాట వింటున్నాను. ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో, బ్యాక్‌లాగ్ అంటే ఏంటో మా ఇంట్లో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఈసారి ఊరుకోకుండా కూర్చుని నేర్చుకున్నాను.

అన్న చెప్పింది నిజమే. ముందు వచ్చింది గేమే. 1996లో జపాన్‌లో గేమ్ బాయ్ మీద వచ్చింది. కార్టూన్ 1997లో మొదలైంది. గేమ్‌లో ప్రతి జీవికీ ఒకటో రెండో రకాలుంటాయి. ఓనిక్స్‌ది రాయి, నేల. నేల రకం మీద కరెంటు దెబ్బ సున్నా. తక్కువ కాదు, సున్నా. పికాచు ఎన్ని పిడుగులు వేసినా గీత పడదు.

మరి కార్టూన్‌లో? మొదటిసారి యాష్ ఓడిపోయాడు. రెండోసారి పికాచు కరెంటుకి మంట రేగి పైన స్ప్రింక్లర్లు తెరుచుకున్నాయి, నీళ్లు పడి ఓనిక్స్ నీరసపడింది. అప్పుడు కరెంటు పట్టింది. కానీ యాష్ ఆఖరి దెబ్బ కొట్టలేదు. బ్రాక్ తమ్ముళ్లు, చెల్లెళ్లు వచ్చి అడ్డం పడితే ఆపేశాడు. బ్యాడ్జ్ తర్వాత బ్రాకే తీసుకొచ్చి ఇచ్చాడు. అంటే నేను "కొట్టింది" అన్నదీ పూర్తిగా కరెక్ట్ కాదు. ఇద్దరం సగం సగం.

అసలు తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. గేమ్‌లో మీ చేతిలో నాలుగు దెబ్బలే ఉంటాయి. ఇద్దరూ ఒకరికి తెలీకుండా ఒకరు ఎంచుకుంటారు, ఎవరి వేగం ఎక్కువైతే వాళ్లది ముందు పడుతుంది. "తప్పుకో!" అని అరవడానికి బటన్ లేదు. పెద్ద పిడుగు తగిలే అవకాశం వందకి 70. తగలకపోతే అది లెక్క, మీ జీవి చురుకుదనం కాదు. పైకప్పు మీద స్ప్రింక్లర్ ఉన్నా దాన్ని వాడుకునే దారి మెనూలో ఉండదు.

ఇంకో వింత చూడండి. గేమ్‌లో ప్రాణం ఒక్క పాయింటే మిగిలినా ఆ జీవి దెబ్బ మాత్రం నిండు బలంతోనే పడుతుంది. అలుపు లేదు, భయం లేదు. కార్టూన్‌లో అలా కాదు, కాలు విరిగినట్టు కుంటుతూ లేస్తుంది, మనకి గొంతు పట్టేస్తుంది.

మా వైపు సంతలో కోడి పందేల దగ్గర కొందరు కుక్కుట శాస్త్రం చెబుతారు. ఈ రోజు డేగ గెలుస్తుంది, ఆ రోజు కాకి గెలుస్తుంది అని. అదీ ఒక రకాల చార్టే. మా తాత రంగు చూడడు. కోడి ఎలా నిలబడింది, ఊపిరి ఎలా తీస్తోంది, అది చూసి చెబుతాడు. (పందేలు మంచివని నేను అనడం లేదు, చూసింది చెబుతున్నా.) గేమ్ చార్టు పట్టుకున్నవాడిది. కార్టూన్ మా తాతది.

అలాగని కార్టూన్‌ని నెత్తిన పెట్టుకోలేను. అక్కడ ఎవరు గెలవాలో కథ రాసేవాళ్లే ముందు అనుకుంటారు. 2010లో మొదలైన సిరీస్‌లో, అన్నేళ్లు పోరాడిన పికాచు అప్పుడే ప్రయాణం మొదలెట్టిన కుర్రాడి స్నైవీ చేతిలో ఓడింది. కరెంటు పోయిందని కారణం చెప్పారు. కథ కొత్తగా మొదలవ్వాలి కాబట్టి పోయింది, అంతే. గేమ్‌లో సంపాదించిన లెవల్‌ని ఎవరూ లాక్కోరు. చార్టు డబ్బున్నోడికీ నాకూ ఒకటే. నాలాంటివాడికి ఇది చిన్న విషయం కాదు. గొడవంతా ఆ చార్టు ముందే చెప్పేవాడు ఇంట్లో ఉన్నాడా లేడా అన్నదే.

తమాషా ఏంటంటే గేమ్ కూడా మెల్లగా కార్టూన్ వైపు జరిగింది. 2013లో వచ్చిన ఎక్స్, వై గేముల్లో జీవిని ముద్దుచేసి దగ్గరైతే, పడిపోవాల్సిన దెబ్బకి కూడా ఒక్క పాయింటుతో నిలబడగలదు, మనం బాధపడకూడదని. 2025లో వచ్చిన లెజెండ్స్ జెడ్-ఎ లో వంతులే తీసేశారు, పరిగెడుతూనే కొట్టుకుంటారు. కాబట్టి "అసలు గేమ్" అంటే ఏ గేమ్ అని ఆ అన్నని అడగాలనిపించింది. అడిగాను కూడా.

నవ్వి, "రా, ఆడదాం" అన్నాడు. గేమ్ మెషీన్ కొనే స్తోమత మా ఇద్దరికీ లేదు. షోడౌన్ అని బ్రౌజర్లోనే ఆడుకునేది ఒకటుంది, ఫోన్లో ఫ్రీగా నడుస్తుంది. నిన్న రాత్రి ఆడాం. అన్న నేల రకాన్ని దింపుతాడని తెలిసి కూడా అలవాటుకొద్దీ పిడుగు వేశాను. సున్నా. ఓడిపోయాను.

ఈసారి అన్న నవ్వలేదు. రకాల చార్టు ఫొటో నాకు వాట్సాప్‌లో పంపాడు. పేర్లన్నీ తెలుగులో రాసి పెట్టుకున్నాను. కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాను.