సొమ్ము పొదుపరులది, ఓటు సంస్థలది

2024 మే నెలలో నెస్లే ఇండియా వాటాదారులు కార్పొరేట్ వర్గాలను ఆశ్చర్యపరచిన తీర్పు ఇచ్చారు. స్విట్జర్లాండ్‌లోని మాతృసంస్థకు చెల్లిస్తున్న రాయల్టీని నికర అమ్మకాలలో 4.5 శాతం నుంచి అయిదేళ్లలో దశలవారీగా 5.25 శాతానికి పెంచాలన్న ప్రతిపాదన వారి ముందుకు వచ్చింది. పోలైన ఓట్లలో 57 శాతానికి పైగా దానిని తిరస్కరించాయి. కంపెనీలో 62 శాతానికి పైగా వాటా మాతృసంస్థదే. అయినా, లావాదేవీలో తానే ఒక పక్షం కావడం వల్ల దాని ఓటు లెక్కలోకి రాలేదు. మిగిలిన వాటాలలో అధిక భాగం కలిగిన మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థలు, విదేశీ మదుపు సంస్థల అభిప్రాయమే నిర్ణాయకమైంది.

సంస్థాగత మదుపరులుగా వ్యవహరించే ఈ సంస్థల చేతిలో ఉన్న సొమ్ము నిజానికి వాటిది కాదు. బీమా పాలసీ తీసుకున్న ఉద్యోగి, నెలనెలా సిప్ ద్వారా కొద్ది మొత్తం దాచుకునే గృహిణి, భవిష్యనిధిలో జీతంలో కొంత జమచేసే కార్మికుడు దానికి అసలు యజమానులు. సిప్ రూపంలో మ్యూచువల్ ఫండ్లకు చేరే మొత్తం 2024 అక్టోబరులో తొలిసారిగా నెలకు 25 వేల కోట్ల రూపాయలు దాటింది. 2025 మార్చి ముగిసేనాటికి జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలలో దేశీయ సంస్థల వాటా 17 శాతం మించి, విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరుల వాటాను అధిగమించింది. కంపెనీల తీరుతెన్నులను ప్రభావితం చేయగల శక్తి ఇలా దేశీయ పొదుపు వైపు మళ్లుతోంది. ఆ శక్తిని ఎవరు, ఎవరి మేలు కోసం వినియోగిస్తున్నారన్నది కీలకమైన ప్రశ్న.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1956లో బీమా రంగం జాతీయమై భారతీయ జీవిత బీమా సంస్థ ఏర్పడిన నాటి నుంచి దేశంలోని పెద్ద కంపెనీలలో ప్రభుత్వరంగ ఆర్థిక సంస్థల వాటాలు పెరుగుతూ వచ్చాయి. ఎస్కార్ట్స్ కంపెనీలో ఇవి సగానికి పైగా వాటాలు కలిగి ఉండేవి. 1984లో తొమ్మిది మంది డైరెక్టర్లను తొలగించేందుకు ప్రత్యేక సమావేశం ఏర్పాటు చేయాలని ఎల్ఐసీ కోరగా వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1985 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం తరఫున తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన వాటాదారుగా దాని హక్కు తగ్గిపోదని, సమావేశం కోరడానికి కారణాలు చెప్పవలసిన పని లేదని ఆ తీర్పు స్పష్టం చేసింది.

హక్కు స్థిరపడినా, దానిని నడిపే చేయి ఎవరిదన్న సందేహం తొలగలేదు. లార్సెన్ అండ్ టుబ్రో ఉదంతం ఇందుకు ఉదాహరణ. 1989లో ఆ కంపెనీ చైర్మన్ పదవి చేపట్టిన ధీరూభాయ్ అంబానీ, కేంద్రంలో ప్రభుత్వం మారిన కొద్ది నెలలకే, ఎల్ఐసీ ఆయన తొలగింపునకు పూనుకోవడంతో 1990లో వైదొలిగారు. పాలసీదారుల సొమ్ముతో వచ్చిన ఓటు పాలకుల అభీష్టాన్ని బట్టి మారుతున్నదన్న విమర్శకు ఇటువంటి సందర్భాలు తావిచ్చాయి.

సంస్థాగత మదుపరుల జోక్యం ఎంత అవసరమో తేటతెల్లం చేసిన ఘట్టం హైదరాబాదులో చోటుచేసుకుంది. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ డైరెక్టర్ల బోర్డు, ప్రమోటర్ కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లు వెచ్చించి కొనాలని నిర్ణయించింది. సత్యంలో ప్రమోటర్ల వాటా అప్పటికే పది శాతం లోపునకు తగ్గింది. కంపెనీ నగదును ప్రమోటర్ల ఇతర వ్యాపారాలకు మళ్లించడమేమిటని పెద్ద మదుపరులు ఆ రాత్రే నిలదీశారు. న్యూయార్క్ మార్కెట్‌లో సత్యం షేరు విలువ సగానికి పైగా పడిపోయింది. కొద్ది గంటలలోనే ప్రతిపాదన రద్దయింది. లేని నగదును ఉన్నట్లు చూపిన లెక్కలను సరిచేసుకునే చివరి ప్రయత్నమూ దాంతో మూసుకుపోయింది. 2009 జనవరి 7న రామలింగరాజు అక్రమాలను అంగీకరిస్తూ లేఖ రాశారు. అయితే బోర్డు నిర్ణయాన్ని కొన్ని గంటలలో తిప్పికొట్టగలిగిన ఆ మదుపరులే, ఏళ్ల తరబడి లెక్కలలో సాగిన మోసాన్ని పసిగట్టలేకపోయారు. ఓటు బలం ఉన్నంత మాత్రాన నిఘా ఉన్నట్లు కాదని ఆ అనుభవం నేర్పింది.

ఆ తరువాత నిబంధనలు ఒక్కొక్కటిగా బిగిశాయి. మ్యూచువల్ ఫండ్లు తమ ఓటింగ్ వివరాలను వెల్లడించాలని సెబీ 2010లో ఆదేశించింది. 2013 నాటి కంపెనీల చట్టం ఎలక్ట్రానిక్ ఓటింగ్‌కు మార్గం వేసింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లో, సెబీ 2019లో బాధ్యతాయుత మదుపునకు సంబంధించిన నియమావళులను విడుదల చేశాయి. కంపెనీల పనితీరును గమనించడం, అవసరమైతే జోక్యం చేసుకోవడం, ప్రయోజనాల వైరుధ్యం ఉంటే నివారించడం మదుపు సంస్థల విధి అని అవి నిర్దేశించాయి. 2022 ఏప్రిల్ నుంచి ప్రతి తీర్మానంపైనా మ్యూచువల్ ఫండ్లు ఓటు వేయడం తప్పనిసరి అయింది. తీర్మానాలను విశ్లేషించి ఎటు ఓటు వేయాలో సూచించే సలహా సంస్థలు కూడా ఈ కాలంలోనే వేళ్లూనుకున్నాయి.

ఫలితాలు క్రమంగా కనిపించాయి. 2014లో టాటా మోటార్స్ ఉన్నతాధికారుల పారితోషికాల ప్రతిపాదనలు తగినన్ని ఓట్లు లేక వీగిపోయాయి. ముంబయిలోని ఖరీదైన భవనంలో ఫ్లాట్లను ప్రమోటర్ కుటుంబీకులకు మార్కెట్ ధర కంటే ఎంతో తక్కువకు విక్రయించాలన్న రేమండ్ ప్రతిపాదనను 2017లో వాటాదారులు దాదాపు ఏకగ్రీవంగా తోసిపుచ్చారు. ఐషర్ మోటార్స్ అధినేత సిద్ధార్థ లాల్ పునర్నియామకం, పారితోషికాలకు సంబంధించిన ప్రత్యేక తీర్మానం 2021లో 73 శాతం మద్దతు పొందినా, అవసరమైన 75 శాతాన్ని అందుకోలేకపోయింది. ప్రమోటర్ల వాటా నాలుగు శాతం మాత్రమే ఉన్న జీ ఎంటర్‌టైన్‌మెంట్‌లో 2024 నవంబరున పునీత్ గోయెంకాను తిరిగి డైరెక్టరుగా నియమించే తీర్మానం స్వల్ప తేడాతో ఓడిపోయింది.

బహిరంగమైన ఓటు ఈ ప్రభావంలో ఒక భాగం మాత్రమే. సమావేశానికి ముందే యాజమాన్యంతో జరిపే చర్చలు, ప్రతిపాదనను సవరించుకోవాలన్న సూచనలు, వాటాలు అమ్ముకుంటామన్న సంకేతాలు తెర వెనుక పనిచేస్తాయి. ఓడిన ప్రతిపాదన మారిన రూపంలో తిరిగి రావడమూ సాధారణమే. ఐషర్ ప్రతిపాదన పారితోషికంపై తక్కువ పరిమితితో మళ్లీ వచ్చి నెగ్గింది. టాటా మోటార్స్ తీర్మానాలకు 2015 జనవరిలో ఆమోదం లభించింది.

పరిమితులు కూడా తక్కువేమీ కావు. నమోదిత కంపెనీలలో ప్రమోటర్లు 75 శాతం వరకు వాటా ఉంచుకోవచ్చు. అంత వాటా ఉన్నచోట ప్రత్యేక తీర్మానాన్ని కూడా వారే నెగ్గించుకోగలరు. సంబంధిత పక్షాల లావాదేవీల వంటి విషయాలలో చట్టం వారి ఓటును పక్కన పెట్టినప్పుడే ఇతరుల మాటకు విలువ వస్తుంది. ప్రభుత్వమే మెజారిటీ యజమాని అయినప్పుడు పరిస్థితి మరింత క్లిష్టం. బొగ్గును మార్కెట్ ధర కంటే తక్కువకు అమ్మడం వల్ల వాటాదారులు నష్టపోతున్నారంటూ బ్రిటన్‌కు చెందిన చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ 2012లో కోల్ ఇండియాపై న్యాయపోరాటానికి దిగింది. ఆశించిన ఫలితం రాకపోవడంతో వాటాలు అమ్ముకుని వైదొలిగింది.

దేశీయ సంస్థలకు వేరే ఇబ్బందులున్నాయి. మ్యూచువల్ ఫండ్‌ను నడిపే సంస్థ ఏదైనా బ్యాంకు కుటుంబానికి చెందినదైతే, ఓటు వేయవలసిన కంపెనీ ఆ బ్యాంకుకు పెద్ద ఖాతాదారు కావచ్చు. అటువంటప్పుడు వ్యతిరేకంగా ఓటు వేయడానికి వెనుకాడే ప్రమాదం ఉంది. సూచీలను అనుసరించే నిధులకు కంపెనీ నచ్చకపోయినా వాటా అమ్ముకునే స్వేచ్ఛ లేదు కనుక, ఓటే వాటికి మిగిలిన ఆయుధం. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2015 నుంచి ఇటువంటి నిధుల ద్వారానే షేర్లలో మదుపు చేస్తోంది. అంటే కోట్లాది కార్మికుల తరఫున ఓటు వేసేది ఫండ్ మేనేజర్లే.

ఫండ్ల వెబ్‌సైట్లలో ఓటింగ్ వివరాలు లభిస్తున్నప్పటికీ, అవి సాంకేతిక పదజాలంతో, పొడవాటి పట్టికల రూపంలో ఉంటున్నాయి. సిప్ ఖాతాదారులలో వాటిని తెరిచి చూసేవారు అరుదు. ఏ తీర్మానానికి ఎందుకు మద్దతిచ్చారో, ఎక్కడ ప్రయోజనాల వైరుధ్యం తలెత్తిందో, దానిని ఎలా పరిష్కరించారో ఖాతాదారుకు అర్థమయ్యే భాషలో, అతని సొంత భాషలో, ఏటా తెలియజేయడం అసాధ్యమేమీ కాదు. కంపెనీలను జవాబుదారీగా నిలబెట్టే అధికారం సంస్థలకు చట్టం ఇచ్చింది. ఆ సంస్థలను జవాబుదారీగా నిలబెట్టే అవకాశం పొదుపరులకు దక్కినప్పుడే ఈ సంస్కరణ సంపూర్ణమవుతుంది.