గుడ్డ కింద ఏముందో చూడండి

మన ఇల్లు – మన సామాను



పెండ్లిళ్ళ కాలము వచ్చిందంటే మన పల్లెల నుండి ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు బొంబాయి రోడ్డు ఎక్కుతాయి. నారాయణఖేడ్, జోగిపేట, సదాశివపేట వైపు వారు సంగారెడ్డికో, పటాన్‌చెరుకో వచ్చి బీరువా, మంచము, సోఫా సెట్టు బేరము చేసి, తాడు కట్టి తీసుకొని వెళ్తారు. చాలామంది ఇది చేతిలో ఉన్న డబ్బుతో కొనరు. చిట్టీ ఎత్తి కొంటారు, లేదా వడ్డీకి తెచ్చి కొంటారు. ఆ సోఫా ఏడాది తిరగకముందే నడిమధ్య గుంట పడితే, కూర్చున్నవారి మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, ఆ ఇంటివారికి మిగిలేది ఏమిటి? సామాను పోయింది, అప్పు మాత్రము మిగిలింది.

కుటుంబ కూడికలకు ఇండ్లకు వెళ్ళినప్పుడు ఇటువంటి సోఫాలు నేను చాలా చూశాను. పైన గుడ్డ ఇంకా మెరుస్తూనే ఉంటుంది, పూలు వాడలేదు. కింద మాత్రము స్ప్రింగు ఊడి ఉంటుంది, లేదా ఫ్రేము వంగి ఉంటుంది. కొనేటప్పుడు మన కండ్లు గుడ్డను చూస్తాయి. కొన్న తర్వాత మన నడుము ఫ్రేమును చూస్తుంది. అందుచేత ఈ నెల ఆ కనబడని భాగమును గూర్చి మాట్లాడుకొందాము. కొనేవారికి ఇది ఉపయోగము. వెల్డింగు షాపులలో, వడ్రంగి షాపులలో పని చేసే మన యువకులకు ఇంకా ఎక్కువ ఉపయోగము.

నులక మంచము నేర్పే పాఠము

స్ప్రింగు సోఫా మనకు కొత్త కావచ్చు గాని, దాని సూత్రము కొత్తది కాదు. మన తాతల నులక మంచమును చూడండి. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, మధ్యలో బిగించి అల్లిన నులక. మనిషి పడుకొంటే నులక కొద్దిగా దిగి, లేస్తే మళ్ళీ పైకి వస్తుంది. కొన్నాళ్ళకు వదులైతే కాళ్ళవైపు తాడు లాగి బిగిస్తారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. నులక బిగించినప్పుడు అది పట్టెలను లోపలికి లాగుతుంది. ఎవరూ పడుకోకపోయినా లాగుతూనే ఉంటుంది. మనిషి పడుకొంటే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. అందుకే పాతకాలపు వడ్రంగి పట్టెలకు సన్నని కర్ర వాడలేదు. పట్టె వంగితే నులక ఎంత బిగించినా మంచము వదులే. సోఫాలో స్ప్రింగు నులకవంటిది, ఫ్రేము పట్టెవంటిది. ఫ్రేము బలహీనమైతే ఎంత మంచి స్ప్రింగైనా నిలువదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది.

పామువలె వంగిన స్ప్రింగు

నేడు సోఫాలలో ఎక్కువగా వాడేది జిగ్‌జాగ్ స్ప్రింగు. ఉక్కు తీగను పాము నడిచినట్లు అటూ ఇటూ వంచి, ముందు పట్టె నుండి వెనుక పట్టెకు క్లిప్పులతో తగిలిస్తారు. కూర్చునే భాగానికి తీగ మందము సుమారు 3.5 నుండి 4 మిల్లీమీటర్లు ఉండాలి. వీపు ఆనించే భాగానికి బరువు తక్కువ గనుక 3 మిల్లీమీటర్ల ప్రాంతములో ఉంటే చాలు. షాపులో గేజి నంబరు చెబుతారు. నంబరు పెరిగితే తీగ సన్నమవుతుందని మరచిపోవద్దు. 8 గేజి తీగ సుమారు 4 మిల్లీమీటర్లు, 10 గేజి తీగ 3.25 మిల్లీమీటర్లు. పెద్ద నంబరు చెప్పి మంచి సరుకు అంటే నమ్మకండి.

ఒక స్ప్రింగుకూ మరొక స్ప్రింగుకూ మధ్య 4 నుండి 5 అంగుళాల దూరము సరిపోతుంది. 22 అంగుళాల వెడల్పున్న ఒక మనిషి సీటుకు 5 స్ప్రింగులు పెడితే మంచిది. ఖర్చు తగ్గించడానికి 3 పెట్టినచోట ఫోము స్ప్రింగుల మధ్యకు జారి గుంట పడుతుంది. బిగించిన తర్వాత స్ప్రింగు బల్లపరుపుగా ఉండకూడదు. మధ్యలో ఒకటిన్నర నుండి రెండు అంగుళాలు పైకి ఉబ్బి ఉండాలి. ఆ ఉబ్బే మన బరువును మెల్లగా అందుకొంటుంది. అన్ని స్ప్రింగులనూ అడ్డముగా ఒక తీగతోనో గట్టి పురికొసతోనో కలిపి కట్టాలి. అప్పుడు ఒకచోట పడిన బరువును పక్క స్ప్రింగులు కూడా పంచుకొంటాయి. క్లిప్పు లోపల మందపాటి కాగితమో ప్లాస్టిక్ ముక్కో పెడితే ఇనుము ఇనుముతో ఒరుసుకొని కిర్రుమనే చప్పుడు రాదు.

ఫ్రేము సంగతి

ముగ్గురు కూర్చునే సోఫాలో ఇటువంటి స్ప్రింగులు పదిహేను వరకు ఉంటాయి. ఒక్కొక్కదాని లాగుడు కొద్దిదే, కాని పదిహేను కలిసి ముందు పట్టెను రాత్రింబగళ్ళు లోపలికి లాగుతాయి. ఐదారు అడుగుల పొడవున్న పట్టె మధ్యలో ఆధారము లేకపోతే విల్లువలె వంగుతుంది. అది వంగిన కొద్దీ స్ప్రింగు వదులై, ఉబ్బు పోయి, గుంట పడుతుంది. జనులు స్ప్రింగు పాడైంది అంటారు. నిజానికి చాలాచోట్ల పాడైనది పట్టె.

దీనికి విరుగుడు రెండు. మొదటిది, పట్టె మందము. సాధారణముగా చెక్కను నిలువుగా నిలబెట్టి బిగిస్తారు. పైనుండి పడే బరువుకు అది గట్టిగానే ఉంటుంది గాని, పక్కకు లాగే లాగుడుకు బలహీనము. లాగే దిశలో చెక్క మందము రెండింతలు చేస్తే, వంగకుండా నిలిచే శక్తి ఎనిమిదింతలవుతుంది. కనుక మందములో పెట్టే కొద్దిపాటి ఖర్చు వృథా కాదు. రెండవది, ముందు పట్టెకూ వెనుక పట్టెకూ మధ్య అడ్డకర్రలు. ముగ్గురి సోఫాకు కనీసము రెండు అడ్డకర్రలు పెట్టాలి. అయితే అవి స్ప్రింగుకు బాగా దిగువన ఉండాలి. లేకపోతే కూర్చున్నప్పుడు స్ప్రింగు దిగి కర్రకు కొట్టుకొంటుంది.

చెక్క విషయములో టేకే కావాలని లేదు. బాగా ఆరిన వేప, నల్లతుమ్మ కూడా గట్టివే. బండి చక్రాలకు, నాగళ్ళకు మన పెద్దలు తుమ్మను ఊరకే వాడలేదు. పచ్చి చెక్క మాత్రము వద్దు. అది ఆరిన కొద్దీ కుంచించుకొని కీళ్ళు వదులవుతాయి. ప్యాకింగు పెట్టెల మెత్తని చెక్కతో చేసిన ఫ్రేములో క్లిప్పు మేకు నిలువదు. పొట్టు అతికించి చేసిన బోర్డు అంచున కొట్టిన మేకు కూడా అంతే. నాలుగు మూలలలో ముక్కోణపు దిమ్మెలు పెట్టి, జిగురు రాసి, స్క్రూలు బిగించాలి. ఉత్త మేకుల మీద నిలిచిన మూల కదలడము మొదలైతే ఆగదు.

ఇనుప పైపుతో చేసేవారు పైపు బయటి కొలత ఒక్కటే చూడకూడదు. లోపల రేకు మందము చూడాలి. 16 గేజి రేకు సుమారు 1.6 మిల్లీమీటర్లు, 20 గేజి రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రంగు వేసిన తర్వాత రెండూ ఒక్కలాగే కనబడతాయి. పైపు కోసిన చివర చూస్తే తెలుస్తుంది, చేతితో ఎత్తి చూసినా తెలుస్తుంది.

స్ప్రింగు తీగకు వెల్డింగు వద్దు

మన ప్రాంతములో వెల్డింగు తెలిసిన చేతులకు కొదువ లేదు. అందుచేత కొందరు క్లిప్పు ఖర్చు మిగుల్చుకోవడానికి స్ప్రింగు కొసను నేరుగా పైపుకు వెల్డింగు చేస్తారు. ఇది చేయరాని పని. స్ప్రింగు తీగకు బలము రెండు విధాలుగా వస్తుంది. ఒకటి, ఉక్కులో కార్బను ఎక్కువగా ఉండడము. రెండవది, దానిని చల్లగా లాగి లాగి తీగగా తీయడము. స్ప్రింగు తీగకు మన దేశములో ఐ.ఎస్. 4454 అనే ప్రమాణము కూడా ఉన్నది. వెల్డింగు వేడి తగలగానే ఆ బలము చెడిపోతుంది. అతుకు పక్కన తీగ ఒకచోట మెత్తబడుతుంది, మరొకచోట గాజువలె పెళుసవుతుంది. కొన్నాళ్ళు కూర్చొని లేచేసరికి సరిగ్గా అక్కడే తెగుతుంది. తెగిన కొస గుడ్డ చీల్చుకొని వస్తే పిల్లలకు గాయమవుతుంది. క్లిప్పులను ముందుగా ఫ్రేముకు వెల్డింగు చేసి, పూర్తిగా చల్లారిన తర్వాత స్ప్రింగును తగిలించాలి. సరైన పద్ధతి అదే.

చుట్ట స్ప్రింగు లెక్క

పరుపులలో, పాత పద్ధతి సోఫాలలో చుట్ట స్ప్రింగులు వాడతారు. బరువు రెండింతలైతే స్ప్రింగు దిగుడు కూడా రెండింతలవుతుందని రాబర్ట్ హుక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1678లో ప్రకటించాడు. అయితే దానికి ఒక హద్దు ఉన్నది. హద్దు దాటి నొక్కితే స్ప్రింగు మళ్ళీ తన స్థితికి రాదు.

చుట్ట స్ప్రింగు గట్టిదనము మూడింటి మీద ఆధారపడుతుంది. తీగ మందము పదోవంతు పెరిగితే, అంటే 3 మిల్లీమీటర్లకు బదులు 3.3 అయితే, స్ప్రింగు దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిపడుతుంది. చుట్ట వెడల్పు పదోవంతు పెరిగితే గట్టిదనము నాలుగోవంతు తగ్గుతుంది. చుట్ల సంఖ్య పెరిగినా మెత్తనవుతుంది. కనుక తీగలో చిన్న తేడా కూర్చునేవారికి పెద్ద తేడా. డమరుకమువలె నడుము సన్నగా ఉన్న స్ప్రింగు మొదట మెత్తగా దిగి, తర్వాత గట్టిపడుతుంది. ఒక్కొక్క స్ప్రింగును వేరువేరు గుడ్డ సంచులలో కుట్టే పద్ధతిని కెనడాలో జేమ్స్ మార్షల్ 1900 ప్రాంతములో తెచ్చాడు. అటువంటి పరుపు మీద ఒకరు పక్కకు ఒత్తిగిలినా రెండవవారి నిద్ర అంతగా చెడదు. పాశమైలారములో రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకొనేవారికి నిద్ర ఎంత విలువైనదో నేను చెప్పనక్కరలేదు.

ఫోమును తూకము వేయండి

స్ప్రింగుల మీద నేరుగా ఫోము పెట్టకూడదు. తీగ దానిని కోసివేస్తుంది. ముందు గట్టి గోనె పట్టా, దాని మీద కొబ్బరి పీచు పలక లేదా మందపాటి ఫెల్టు, ఆ మీదనే ఫోము. ఫోముకు డెన్సిటీ 32, 40 అని చెబుతారు. ఘనపు మీటరుకు అన్ని కిలోల బరువు అని దాని అర్థము. అంగడిలో దీనిని పరీక్షించడము తేలిక. 22 అంగుళాల చదరము, 4 అంగుళాల మందము గల ముక్క 32 డెన్సిటీ అయితే సుమారు ఒక కిలో తూగాలి. 40 అయితే ఒక కిలో పావు. 40 అని చెప్పిన ముక్క ముప్పావు కిలో తూగితే ఇంకేమి అడగాలి? మన పత్తిని, కందులను తూచి అమ్ముతాము గదా, కొనేదానిని కూడా తూచి కొందాము.

కొనేముందు

డబ్బు ఇవ్వకముందు ఈ ఐదు పనులు చేయండి.

1. సోఫాను వెనక్కు వాల్చి, కింద కొట్టిన నల్లగుడ్డ ఒక మూల విప్పి చూపించమనండి. చూపించనంటే మరొక షాపుకు వెళ్ళండి.

2. ముందు కాలు ఒకటి పట్టుకొని ఆరంగుళాలు ఎత్తండి. రెండవ ముందు కాలు కూడా వెంటనే లేవాలి. లేవకపోతే ఫ్రేము మెలిపడుతున్నదని అర్థము.

3. అంచున, మధ్యన, మూలన మూడుచోట్ల కూర్చొని చూడండి. అడుగున ఏదైనా గట్టిగా తగిలినా, చప్పుడు వచ్చినా వద్దు.

4. ఇంటిలో పెద్దవారు ఉంటే వారిని తీసుకొని వెళ్ళి కూర్చోబెట్టండి. కూర్చున్న తర్వాత పాదాలు నేలకు ఆనాలి. చేతుల ఊతము లేకుండా లేవగలగాలి. వృద్ధులకు మరీ మెత్తని, మరీ పల్లపు సీటు సుఖము కాదు, శిక్ష.

5. చీటీ మీద గుడ్డ రంగు మాత్రమే కాదు, చెక్క పేరు, తీగ గేజి, ఫోము డెన్సిటీ రాయించుకోండి.

డబ్బు తక్కువైతే గుడ్డలో తగ్గించండి, ఫ్రేములో తగ్గించవద్దు. గుడ్డను నాలుగేండ్లకు మార్చుకోవచ్చు. వంగిన ఫ్రేము మీద ఎంత ఖరీదైన గుడ్డ వేసినా ప్రయోజనము లేదు. ముగ్గురి సోఫా మంచిది కొనే శక్తి లేకపోతే, గట్టి కుర్చీలు రెండు కొనండి. పెండ్లిలో చూసేవారు ఒక పూట చూస్తారు. కూర్చునేవారు ఇరవై ఏండ్లు కూర్చుంటారు.

చేసే చేతులకు ఒక మాట

ఈ పని మన నేలకు కొత్త కాదు. హైదరాబాదులో 1942లో మొదలైన ఆల్విన్ కంపెనీ బస్సు బాడీలు, బీరువాలు, తర్వాత ఫ్రిజ్జులు చేసి పేరు తెచ్చుకొన్నది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఆల్విన్ బీరువా అన్న మాట మాత్రము పాత ఇండ్లలో ఇంకా వినబడుతుంది. 1970ల నుండి పటాన్‌చెరు, దాని చుట్టుపక్కల పారిశ్రామికవాడలు పెరిగాయి. మన పల్లెల పిల్లలు బీహారు, ఒడిశాల నుండి వచ్చిన పిల్లలతో కలిసి పైపు కోయడము, అతకడము, కుట్టడము నేర్చుకొన్నారు. ఈ విద్య ఉన్నవాడు ఫ్యాక్టరీ గేటు మూతబడినా ఆకలితో ఉండడు.

యౌవనస్థులారా, మీ యజమాని రెండు స్ప్రింగులు తగ్గించమంటే, సన్న పైపు పెట్టమంటే, మీకు కష్టమే. మీ కూలి అతని చేతిలో ఉన్నది. అయినా ఒకసారి లెక్క చెప్పి చూడండి. ఐదు స్ప్రింగులకు బదులు మూడు పెడితే మిగిలేది ఎంత? ఏడాదికి తిరిగి వచ్చిన సోఫాకు చేసే మరమ్మతు ఎంత? ఊరంతా చెప్పుకొనే చెడ్డపేరు ధర ఎంత? మన ప్రభువు కూడా వడ్రంగి ఇంటనే పెరిగాడు. గుడ్డ కప్పిన తర్వాత ఎవరూ చూడని మూలలో దిమ్మె పెట్టి స్క్రూ బిగించే పనివాడిని నేను గొప్ప పనివాడు అంటాను. అతడు ఎవరో ఆ ఇంటివారికి తెలియకపోవచ్చు. ఇరవై ఏండ్ల తర్వాత ఆ ఇంటి ముసలితల్లి ఆ సీటులో హాయిగా కూర్చొని, సునాయాసముగా లేస్తుంది. అతనికి అదే సాక్ష్యము.

వచ్చే నెల ఇదే శీర్షికలో పాత మంచాలు, కుర్చీలు ఇంటివద్దనే బాగుచేసుకొనే పద్ధతులు చూద్దాము.