మోకాలి శస్త్రచికిత్స పిమ్మటి వాపును గూర్చి ఆరోగ్యశాఖామాత్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల ఆరోగ్యశాఖామాత్యుల సన్నిధికి,

ఆర్యులారా,

నేను పల్లెటూరి పాఠశాలలలో పిల్లలకు చెడుగుడు నేర్పుచు ఉద్యోగకాలమంతయు గడపిన వ్యాయామోపాధ్యాయుడను. కూతకు పోయిన బాలుడు వెనుదిరుగబోయి పాదమును నేలకు గట్టిగా నూని దేహమును గిరుక్కున త్రిప్పినపుడు, ఎదుటిపక్షమువారు చీలమండ పట్టు విడువక లాగుచుండగా, మోకాటిలో ‘టప్పు’మను చప్పుడు వినబడుటయు, సాయంకాలము కాకమునుపే ఆ మోకాలు ఉబ్బి నేలపై కాలు మోపనీయకుండుటయు నేను పెక్కుమారులు కన్నులార చూచితిని. కాలియెముక ముందునకు జారకుండ, మెలిపడకుండ తొడయెముకతో దానిని కూర్చి నిలుపు లిగమెంటు తెగుటచేత కలుగు ఆపద యది. తెగినదానిని వైద్యులు చక్కజేసిన తరువాత సైతము మాసములకొలది విడువని నొప్పిని, వాపును గూర్చి ప్రభుత్వము పట్టించుకొనవలెనని వేడుకొనుటకే ఈ లేఖను వ్రాయుచున్నాను.

శస్త్రవైద్యుల నైపుణ్యమునెడ నాకు గల గౌరవము కొలదికాదు. 1895లో ఇంగ్లండునందలి లీడ్సు నగరమున మేయో రాబ్‌సన్ అను వైద్యుడు ఒక గనికార్మికుని మోకాటిలో తెగిన బంధములను కుట్టి సరిచేసిన నాటినుండి ఈ విద్య ఎంతో దూరము నడచినది. నేడు చిన్న రంధ్రములగుండ పరికరములను పంపి, రోగి తొడ వెనుకభాగమునుండియో మోకాలిచిప్ప దిగువనుండియో తీసిన స్నాయువును ఎముకలలో తొలిచిన సొరంగములగుండ పోనిచ్చి క్రొత్త లిగమెంటును నిలుపుచున్నారు. పథకముల ఆసరాతో కొందరు, పొలము తాకట్టుపెట్టి కొందరు, ఈ చికిత్సను పొందుచున్నారు. ఆసుపత్రినుండి ఇల్లు చేరిన నాడే వారి నిజమైన పరీక్ష ఆరంభమగుచున్నది.

మోకాటి కీలులో సహజముగా నుండు ద్రవము ఒక చెంచాడునకు మించదు. శస్త్రచికిత్సానంతరము అందు నెత్తురును, నీరును చేరి వాపు పుట్టును. ఆరోగ్యవంతుల మోకాళ్ళలోనికి ఉప్పునీటిని ఎక్కించి చేసిన పరీక్షల ఫలితములు 1984లో ప్రకటితమైనవి. 20, 30 మిల్లీలీటర్లు చేరునంతలోనే తొడ లోపలివైపు కండరము మందగించుచున్నదని వానివలన తేలినది. వాచిన కీలునుండి వెన్నుపామునకు పోవు సంకేతములే ఆ కండరమును బిగియనీయక అడ్డగించును. రోగి ఎంత పట్టుదలతో యత్నించినను తొడ బిగియదు. బిగియని తొడ కృశించును. కృశించినకొలది నడకలోని భారమంతయు కీలుపై బడి కీలు మరల వాచును. ఈ చక్రమును ఛేదించుటకు శాస్త్రము తెలిసిన ఫిజియోథెరపిస్టు చేయూత అత్యావశ్యకము. దానికి బదులు మన పల్లెలలో జరుగుచున్నదేమి? నావద్ద ఆట నేర్చిన యొక బాలిక శస్త్రచికిత్స జరిగి నాలుగు మాసములు గడచినను కాలు చక్కగా చాపలేక, మెట్లు దిగలేక, బడి మాని యింట కూర్చుండెను. ఆమె తల్లి రాత్రింబవళ్ళు ఆ మోకాలి క్రింద మెత్తని దిండు నుంచి ఎంతో ప్రేమతో సేవచేసినది. దిండు మడమ క్రింద నుండవలెననియు, మోకాలి క్రిందనే నిత్యము నుంచినచో కాలు వంపు తీరక బిగిసిపోవు ననియు ఆ తల్లికి చెప్పిన పుణ్యాత్ములు ఒక్కరును లేకపోయిరి. ఆమెకిచ్చిన కాగితమున ఫిజియోథెరపీ చేయించుకొనుడని ఇంగ్లీషున నొక్క పంక్తి మాత్రము కలదు. ఎక్కడ, ఎవరిచేత, ఎన్నాళ్ళు అను మాట లేదు.

వాపులన్నియు ఒక్కతీరువి కావు. వ్యాయామము కొంచెము మితిమీరిన దినమున వచ్చి, విశ్రాంతిచేతను మంచుకాపడముచేతను మరునాటికి తగ్గు వాపు భయపడదగినది కాదు. క్రొత్త లిగమెంటు ముందు మచ్చకండ పెరిగి కాలు చాపనీయకుండుట వేరు; దానికి మరల చిన్న శస్త్రచికిత్స వలసివచ్చును. లిగమెంటు తెగిన నాడే దానితోపాటు నలిగిన మృదులాస్థి బాధించుట ఇంకొకటి. జ్వరముతో కూడి మోకాలు ఎఱ్ఱబారి కాలిపోవుచున్నను, గాయము కారుచున్నను చీము పట్టినదేమోయని ఆ దినముననే వైద్యుని చేరవలెను. పిక్క వాచి నొప్పిపెట్టినచో రక్తము గడ్డకట్టినదేమో చూపించుకొనవలెను, దానితో ఆయాసమును కలిగినచో ఒక గడియయైనను జాగు చేయరాదు. ఈ భేదములు తెలియని కుటుంబము ప్రమాదమున నిశ్చింతగా నుండును, నిశ్చింతగా నుండవలసినచోట తల్లడిల్లును.

నొప్పి తగ్గినవారి గతియు క్షేమకరము కాదు. అమర్చిన స్నాయువు తొలి మాసములలో, విశేషించి 6వ వారము మొదలు 12వ వారము వరకు, మునుపటికంటె బలహీనమై యుండును. ఆ వేళకే బాధ తగ్గుటచేత బాలురు బరిలోనికి దుముకుదురు. ఆటకు మరలుటను 9 మాసముల వరకు వాయిదావేసిన ఒక్కొక్క మాసమునకును మరల గాయపడు ప్రమాదము ఇంచుమించు సగమునకు తగ్గుచున్నదని నార్వే, అమెరికా దేశముల పరిశోధకులు 2016లో ప్రకటించిరి. పోటీల తొందరలో నుండు మా వ్యాయామోపాధ్యాయులకును ఈ సంగతి తెలియజేయవలెను.

కావున నా విన్నపమిది. కుట్లు విప్పిన దినముతో చికిత్స ముగిసినట్లు లెక్కింపక, రెండు తొడల బలమును కొలిచి సరిపోల్చు నంతవరకు జరుగవలసిన ఫిజియోథెరపీని శస్త్రచికిత్సలో భాగముగనే పరిగణించి, దాని వ్యయమును ప్రభుత్వమే భరింపవలెను. నగరమునకు పోయివచ్చుటకు కూలి మానుకొని బస్సుచార్జీలు వెచ్చింపలేని వారికొరకు ప్రతి ఏరియా ఆసుపత్రియందును వారమునకు రెండు దినములైనను ఫిజియోథెరపిస్టు తప్పక లభింపవలెను. రోగి ఇల్లు చేరునాడు అతని చేత పెట్టు కాగితము తెలుగున, బొమ్మలతో నుండి, దిండు ఎక్కడ నుంచవలెనో, ఏ వాపునకు ఓర్చుకొనవలెనో, ఏ వాపునకు పరుగెత్తవలెనో తెలుపుచు, అడిగినపుడు బదులు చెప్పు ఫోను నంబరును కలిగియుండవలెను.

రాష్ట్రమంతట నొకేసారి సాధ్యపడనిచో రాష్ట్రమునకొక్క జిల్లాలోనైనను ఈ యేడే ఆరంభింపుడు. వైద్యులు చెప్పదగిన మాటలను పల్లెజనమునకు బోధపడు తెలుగున కూర్చుటకు నావంటి విశ్రాంతోపాధ్యాయుల సహాయము కావలసినచో, పిలిచిన దినముననే వచ్చి ప్రతిఫలాపేక్ష లేక పనిచేయుదుము.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు