ఇరవై ఏళ్లు దాటి ఒక్క రోజూ వద్దు

మీర్‌పేట్ మందుల షాపులో చీటీ చూపించి, ధర విని వెనక్కి తగ్గే మనిషికి పేటెంట్ చట్టం ఎక్కడో ఢిల్లీ వ్యవహారంలా అనిపిస్తుంది. కొత్త మందుల విషయంలో ఆ ధర చాలాసార్లు అక్కడే తేలుతుంది.

ఎస్ఎంఏ అనే జన్యువ్యాధితో పుట్టిన పిల్లల కండరాలు క్రమంగా చచ్చుబడతాయి. దానికి రోష్ కంపెనీ అమ్మే రిస్‌డిప్లామ్ సీసా ధర సుమారు 6.2 లక్షల రూపాయలు. హైదరాబాద్ కంపెనీ నాట్కో దాన్ని 15,900 రూపాయలకే తెచ్చింది. రోష్ పేటెంటు 2035 దాకా ఉంది. అయినా అది పాత పేటెంటులోని సంగతికి కొనసాగింపేనన్న వాదనలో బలం ఉందని భావించిన ఢిల్లీ హైకోర్టు నాట్కోను ఆపలేదు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. తుది తీర్పు ఇంకా మిగిలే ఉంది.

పేటెంటు గడువు దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్లు. అందులో చాలా ఏళ్లు పరీక్షలకే పోతాయని కంపెనీలు వాపోతాయి. నిజమే. అంతమాత్రాన పాత మందుకే కొత్త లవణ రూపం తొడిగి మరో ఇరవై ఏళ్లు అడగడం న్యాయం కాదు. మన చట్టంలోని సెక్షన్ 3(డి) అడ్డుకునేది దాన్నే. క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో నోవార్టిస్ వాదనను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది ఆ సెక్షన్ బలంతోనే.

గడువు ముగియకముందే ఆదుకునే దారీ చట్టంలో ఉంది. బేయర్ నెలకు 2.8 లక్షలకు అమ్మిన సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందును 8,880కు అమ్మేందుకు 2012 మార్చిలో పేటెంటుదారు సమ్మతి లేకుండానే నాట్కోకు నిర్బంధ లైసెన్సు దక్కింది. బేయర్‌కు రాయల్టీ ముట్టింది. ఆ తర్వాత దేశంలో అలాంటి లైసెన్సు ఇంకొకటి రాలేదు. అంత మంచి ఆయుధాన్ని బీరువాలో దాచి ఏం లాభం?

ఇప్పుడు వాణిజ్య చర్చల్లో సంపన్న దేశాలు 'డేటా ఎక్స్‌క్లూజివిటీ' అడుగుతున్నాయి. మొదటి కంపెనీ ఇచ్చిన పరీక్షల ఫలితాలను ఆసరా చేసుకుని కొన్నేళ్లపాటు జనరిక్‌కు అనుమతి ఇవ్వకూడదన్నది దాని సారం. అమెరికాలో కొత్త రసాయన మందుకు ఇది ఐదేళ్లు. పేటెంటు లేకున్నా, కొట్టేసినా ఈ అడ్డు మాత్రం ఉంటుంది. తప్పించుకోవాలంటే ఫలితం ముందే తెలిసిన పరీక్షలను రోగులపై మళ్లీ చేయాలి. ఇది అన్యాయం.

మన చట్టంలో లేని ఈ నిబంధనను ఏ ఒప్పందంలోనూ కేంద్రం ఒప్పుకోకూడదు. మీర్‌పేట్ ఓటర్లు ఎన్నుకున్న చేవెళ్ల ఎంపీ సహా తెలంగాణ ఎంపీలంతా ఆ హామీని పార్లమెంటులోనే రాబట్టాలి.