వర్క్‌ప్లేస్ (మెటా)

వర్క్‌ప్లేస్ అనేది ఫేస్‌బుక్‌ను నడిపే మెటా సంస్థ కార్యాలయాల కోసం రూపొందించిన సామాజిక మాధ్యమ సేవ. ఒకే సంస్థలో పనిచేసే ఉద్యోగులు తమలో తాము వార్తలు, ఛాయాచిత్రాలు, దస్తావేజులు, అభిప్రాయాలు పంచుకోవడానికి ఇది ఉపయోగపడింది. దీనిని మూసివేస్తున్నట్లు మెటా 2024 మే నెలలో ప్రకటించింది.

చరిత్ర

ఈ సేవ లండనులోని ఫేస్‌బుక్ ఇంజనీర్ల చేతిలో రూపుదిద్దుకొంది. గూగుల్ మ్యాప్స్ సృష్టికర్తలలో ఒకడైన లార్స్ రాస్ముసెన్ తొలిదశలో ఈ బృందానికి నాయకత్వం వహించాడు. 2015 జనవరిలో "ఫేస్‌బుక్ ఎట్ వర్క్" అనే పేరుతో ప్రయోగాత్మకంగా కొన్ని సంస్థలకు ఇచ్చారు. 2016 అక్టోబరు 10న వర్క్‌ప్లేస్ అనే పేరుతో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. అప్పటికి వెయ్యికి పైగా సంస్థలు దీనిని వాడుతున్నాయి. వాడకంలో ముందున్న అయిదు దేశాలలో భారతదేశం ఒకటి. మన యెస్ బ్యాంకు తొలి ఖాతాదారులలో ఉంది. 2021 అక్టోబరులో మాతృసంస్థ పేరు మెటాగా మారిన తరువాత ఈ సేవ పేరుకు కూడా మెటా చేరింది.

పనితీరు

చూపులకు ఇది ఫేస్‌బుక్కే. అవే గుంపులు, అవే వ్యాఖ్యలు, అవే ఇష్టాలు. అయితే సొంత ఫేస్‌బుక్ ఖాతాతో దీనికి సంబంధం ఉండేది కాదు. ప్రకటనలు ఉండేవి కావు. సంస్థ తన ఉద్యోగుల లెక్కన నెలనెలా రుసుము చెల్లించవలసి ఉండేది. శిక్షణ అవసరం లేకపోవడం దీని పెద్ద బలం. ఇంట్లో ఫేస్‌బుక్ చూసేవారికి ఆఫీసులో దీనిని ఎవరూ నేర్పవలసిన అవసరం ఉండేది కాదు.

దుకాణాలలో అమ్మకందారులు, గిడ్డంగి పనివారు, వంటశాలల సిబ్బంది వంటివారికి చాలాచోట్ల కంపెనీ ఈ-మెయిలు ఉండదు. కూర్చోవడానికి బల్ల కూడా ఉండదు. అటువంటివారు తమ ఫోనులోనే యాజమాన్యం మాట వినడానికి, దానికింద తమ మాట రాయడానికి వర్క్‌ప్లేస్ వీలు కల్పించింది. నోటీసు బోర్డుకు లేని గుణం ఇది. నోటీసును చదవగలమే గాని దానికి జవాబు రాయలేము.

మూసివేతకు కారణాలు

కృత్రిమ మేధ, మెటావర్స్ సాంకేతికతలపై దృష్టి పెట్టడానికే ఈ నిర్ణయమని మెటా తెలిపింది. ఇది నిజమే గాని, పూర్తి కారణం కాదు. 2021 మే నాటికి దీనికి 70 లక్షల మంది చందాదారులు ఉన్నారు. ఒక్కొక్కరి నుండి నెలకు 4 డాలర్ల చొప్పున వచ్చిందనుకొన్నా ఏడాదికి 33.6 కోట్ల డాలర్లు. పెద్ద సంస్థలకు ధర తగ్గించి ఇవ్వడం మామూలే కనుక అసలు రాబడి ఇంతకన్నా తక్కువే ఉండవచ్చు. ఆ సంవత్సరం సంస్థ మొత్తం ఆదాయం సుమారు 11,800 కోట్ల డాలర్లు. అంటే నూరు రూపాయలకు ముప్పై పైసలైనా కాదు. మరొక సంస్థకైతే ఇది గొప్ప వ్యాపారమే. ప్రకటనల మీద బ్రతికే ఈ సంస్థకు మాత్రం లెక్కలోకి రాని సొమ్ము. 2022 నవంబరులో 11,000 మందిని, 2023లో మరో పదివేల మందిని తొలగించిన ఖర్చుల కోత కాలంలో ఇటువంటి విభాగం నిలవడం కష్టం.

నమ్మకం రెండవ చిక్కు. 2018లో కేంబ్రిడ్జి ఎనలిటికా వ్యవహారం బయటపడిన తరువాత, సొంత రహస్యాలను ఫేస్‌బుక్ చేతికి ఇవ్వవచ్చునా అనే సందేహం సంస్థలకు కలగడం సహజం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు ఆగిపోయినపుడు వర్క్‌ప్లేస్ కూడా ఆగింది. సొంత ఉద్యోగులే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఇబ్బంది పడ్డారు. పోటీ కూడా తక్కువ కాదు. మైక్రోసాఫ్ట్ తన టీమ్స్‌ను ఆఫీసు సాఫ్టువేరుతో కలిపి ఇచ్చింది. వర్క్‌ప్లేస్ చివరకు 2021 నవంబరులో ఆ టీమ్స్‌తోనే అనుసంధానం కుదుర్చుకోవలసి వచ్చింది.

ఈ కథ కొత్తది కాదు. గూగుల్ ప్లస్ ప్రజల కోసం 2019 ఏప్రిల్‌లో మూతపడింది; దాని ఆఫీసు రూపమైన కరెంట్స్ 2023లో ముగిసింది.

వీడ్కోలు

మూసివేతను మెటా దశలవారీగా నిర్ణయించింది. 2025 ఆగస్టు 31 వరకు మామూలు వాడకం, ఆ తరువాత 2026 మే 31 వరకు చదువుకోవడానికి, సమాచారం దించుకోవడానికి మాత్రమే అనుమతి. పిదప అంతా తొలగింపు. ఖాతాదారులకు జూమ్ సంస్థకు చెందిన వర్క్‌వివోను ప్రత్యామ్నాయంగా సూచించింది. ఐర్లాండులో పుట్టిన ఈ సేవను జూమ్ 2023లో కొనుగోలు చేసింది.

రెండేళ్ళ వ్యవధి ఇవ్వడం మెచ్చదగినదే. అయినా దించుకొన్న సమాచారం, బ్రతికి ఉన్న గుంపు ఒకటి కావు. పదవీ విరమణ చేసినవారికి సహోద్యోగులు రాసిన నాలుగు మాటలు, ఒక యంత్రం పాడైనపుడు ఎవరో చెప్పిన కిటుకు, చనిపోయిన ఉద్యోగికి పెట్టిన నివాళి ఇవన్నీ ఫైళ్ళుగా మిగలవచ్చు. ఎవరు ఎవరికి జవాబు చెప్పారో తెలిసే వరుసలో వాటిని మళ్ళీ ఎవరూ తెరిచి చూడరు. పైగా ఏది భద్రపరచాలో నిర్ణయించేది రాసినవారు కాదు, రుసుము కట్టిన యాజమాన్యం. సంస్థను విడిచి వెళ్ళినవారికి ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది.

మూసివేతను ప్రకటించిన సందర్భంలోనే, తమ ఉద్యోగుల మధ్య మాత్రం వర్క్‌ప్లేస్‌ను వాడుతూ ఉంటామని మెటా తెలిపింది.