అమ్మ చెప్పింది, కొడుకు రాశాడు



మీ నాయనమ్మ మీ వయసులో ఏం చేసేదో మీకు తెలుసునా? తెలియకపోతే ముందు ఈ కథ వినండి.

ఇంగ్లండులో లీడ్స్ నగరానికి దగ్గర బార్విక్ అనే పల్లె ఉంది. అక్కడ జాన్ బర్లెండ్, అతని భార్య రెబెకా కౌలు వ్యవసాయం చేసేవారు. ఎంత కష్టపడినా కౌలు కట్టేసరికి చేతిలో ఏమీ మిగిలేది కాదు. అమెరికాలో భూమి చవక అని విని, 1831లో అయిదుగురు పిల్లలతో ఓడ ఎక్కారు. పెద్దకొడుకు ఎడ్వర్డు మాత్రం ఇంగ్లండులోనే ఉండిపోయాడు.

రెండు నెలలకు ఓడ న్యూ ఆర్లియన్సు చేరింది. అక్కణ్ణించి ఆవిరి పడవల మీద నదులకు ఎదురు వెళ్లి ఇలినాయ్ రాష్ట్రంలో దిగారు. అక్కడ ప్రభుత్వం ఎకరం ఒకటింబావు డాలరుకు అమ్మేది. 80 ఎకరాలు సంపాదించారు. భూమి వచ్చింది, డబ్బు అయిపోయింది.

వారి అడవిలో మేపుల్ చెట్లున్నాయి. చలికాలం చివర, రాత్రి నీరు గడ్డకట్టి పగలు ఎండ కాసే రోజుల్లో, వాటి మానుకు తూటు పెడితే తియ్యని నీరు కారుతుంది. సుమారు 40 లీటర్లు కాస్తే ఒక లీటరు పాకం వస్తుంది. ఇంకా కాస్తే చక్కెర! ఆ చక్కెర ఇచ్చి వారు సరుకులు తెచ్చుకున్నారు.

ఒకసారి గోధుమ కోతల వేళకు జాన్ మోకాలికి కొడవలి తెగి మంచం పట్టాడు. పంట రాలిపోతే ఏడాదంతా పస్తులే. రెబెకా తానే కొడవలి పట్టింది. పిల్లవాణ్ణి సాయం తీసుకుని చేను కోసింది.

కొన్నేళ్లకు ఆ కుటుంబం నిలదొక్కుకుంది. ఇంగ్లండులో బడిపంతులైన ఎడ్వర్డు తల్లి చెప్పిన సంగతులన్నీ రాశాడు. 1848లో అది పుస్తకంగా వచ్చింది. రాసింది కొడుకైనా, అందులో “నేను” అంటే అమ్మే!

చూశారా? భూమి పత్రంలో ఎకరాలు ఉంటాయి. ఆ ఏడు కొడవలి ఎవరు పట్టారో ఉండదు. అది రాసిపెట్టవలసింది ఇంట్లోవాళ్లే.

ఈ ఆదివారం ఒక నోటుబుక్కు తీసుకుని నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో కూర్చోండి. ఏ ఊళ్లో పుట్టావు, ఏం తినేవాళ్లు, ఏ పని కష్టంగా ఉండేది అని అడగండి. ఆమె మాటలు ఆమె అన్నట్టే రాయండి. పైన తేదీ వేయండి. అక్షర దోషాలున్నా ఫరవాలేదు, వాటికి మార్కులు తగ్గించను. వచ్చే సెలవులకు చూద్దాంలే అని మాత్రం అనకండి.