అన్నానికి రెడ్ కార్డా?

పద్నాలుగేళ్ల పిల్లాడు కొంచెం బొద్దుగా ఉండి, బంతి దగ్గరికి రెండడుగులు ఆలస్యంగా చేరితే చాలు, గ్రౌండు చుట్టూ నిలబడ్డవాళ్లంతా డాక్టర్లయిపోతారు. రాత్రి అన్నం బంద్ చెయ్యి, పొద్దున్నే నిమ్మకాయ నీళ్లు తాగు, రెండు నెలల్లో ఐదు కిలోలు దించు. బాన్సువాడలోనూ ఇదే పాట. నిజాంసాగర్ ప్రాజెక్టు కట్టి తొంభై ఏళ్లు దాటింది. ఆ నీళ్లతో వరి పండించి, ఆ వడ్లమ్మిన డబ్బుతోనే పిల్లలకు బూట్లు కొనిచ్చే ఇళ్లలో ఇప్పుడు పిల్లాడి పళ్లెంలో అన్నాన్ని దొంగను చూసినట్టు చూస్తున్నారు. సలహా ఇచ్చేవాళ్ల మనసు మంచిదే, కాదనను. సలహా మాత్రం పిల్లాడి ఆటనూ చెడగొడుతుంది, ఒంటినీ చెడగొడుతుంది.

ముందు ఆట సంగతి. స్వీడన్ శరీరశాస్త్రవేత్త బెంగ్ట్ సాల్టిన్ 1973లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల తొడ కండరాల్లో గ్లైకోజన్ ఎంతుందో మ్యాచ్‌కు ముందు పరీక్షించి, తర్వాత వాళ్లు మైదానంలో ఎంత తిరిగారో లెక్కగట్టాడు. తిన్న అన్నం, రొట్టె, అరటిపండు కండరంలో నిల్వ ఉండే రూపమే గ్లైకోజన్. నిల్వ తక్కువగా ఉండి దిగినవాళ్లు మిగతావాళ్లకంటే దాదాపు పాతిక శాతం తక్కువ దూరం తిరిగారు. తిరిగిన దాంట్లో కూడా సగం నడకే. ఫుట్‌బాల్‌లో నిలకడగా ఒకే వేగంతో పరుగెత్తేది తక్కువ. నడక, మెల్లటి పరుగు, ఉన్నట్టుండి ఒక దూకుడు, మళ్లీ నడక. ఆ దూకుడుకు కండరం వాడుకునేది ఎక్కువగా ఈ నిల్వనే. సెకండాఫ్‌లో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయిన పిల్లాణ్ణి చూసి "కొవ్వు పట్టింది" అంటున్నాం. పొద్దుటి నుంచి ఏం తిన్నావురా అని అడిగినవాడు లేడు.

అడిగి చూడండి. ఐదున్నరకు గ్రౌండుకొచ్చే పదో తరగతి పిల్లాడు లేవగానే తాగింది ఒక చాయ్, అందులో ముంచుకున్నవి రెండు బిస్కెట్లు. గంటన్నర పరుగు, పాసింగ్, ఆట. ఇంటికెళ్లి నీళ్లు పోసుకునేసరికి బడి టైమవుతుంది, టిఫిన్ తింటే తిన్నట్టు, లేకుంటే లేదు. మధ్యలో బడి బయట ఒక సమోసా. మధ్యాహ్నం అన్నం, నీళ్ల పప్పు. డైటింగ్ కదా, సగం వదిలేస్తాడు. సాయంత్రం మళ్లీ గ్రౌండు. అది అయ్యాక అసలు ఆకలి లేస్తుంది. బస్టాండు దగ్గర నాలుగు మిర్చీ బజ్జీలు, బేకరీలో ఒక పఫ్, పైన కూల్‌డ్రింక్. రాత్రి ఇంట్లో మాత్రం "అన్నం వద్దు బిడ్డా, రెండు చపాతీలు చాలు" అంటారు. చూశారుగా, ఆడేముందు కడుపు ఖాళీ, ఆడాక కడుపు నిండా నూనె. ఇందులో అన్నం చేసిన తప్పేమిటో నాకు అర్థం కాదు.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయికి రోజుకు 2860 కిలోకేలరీలు, అమ్మాయికి 2400 కావాలి. 16 దాటిన అబ్బాయికైతే 3320. మధ్యరకం శ్రమ చేసే పెద్ద మగవాడికి అదే సంస్థ చెప్పింది 2710. అంటే తండ్రికంటే కొడుకు ఎక్కువ తినాలి. మన ఇళ్లలో తండ్రికి షుగరొస్తే డాక్టరు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించి, కొడుక్కీ అదే వర్తింపజేస్తున్నాం.

ఆ మధ్య తెలుగు రాష్ట్రాలను కొబ్బరినూనె, నిమ్మరసాల డైట్ ఊపేసింది. అన్నం, రొట్టె పూర్తిగా మానేసి కొవ్వు మీద బతకడమే దాని సూత్రం. నలభై దాటి, షుగరున్న మనిషి వైద్యుడి కనుసన్నల్లో ఏం చేసుకుంటాడో అది వేరే చర్చ. రోజుకు రెండు పూటలా పరుగెత్తే పిల్లాడికి అది పనికిరాదు. ఇక సిరిధాన్యాలు. కొర్రలు, సామలు మంచివే, వండుకుని తినండి. కానీ అవీ ధాన్యాలే, వాటిలోనూ ఉన్నది పిండిపదార్థమే. అన్నం తింటే లావు, కొర్రన్నం తింటే సన్నం అనే లెక్క ఎక్కడిదో మరి.

ఇంకో మాట ఎవరూ చెప్పరు. ఎత్తు పెరగడానికి ముందు పిల్లలు కాస్త ఒళ్లు చేయడం మామూలు. అబ్బాయిలు పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు సర్రున సాగుతారు. అమ్మాయిలకు అది రెండేళ్లు ముందే. సరిగ్గా ఆ సమయంలో తిండి కోస్తే తగ్గేది కొవ్వొక్కటే కాదు. కండ తగ్గుతుంది, ఎముక గట్టిపడాల్సినంత గట్టిపడదు. నిజంగా బరువెక్కువున్న పిల్లలు లేరా అంటే ఉన్నారు. వాళ్లలో చాలామందికి చేయాల్సింది బరువును అక్కడే ఆపి, ఎత్తును దాన్ని అందుకోనివ్వడం. మరీ ఎక్కువనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించాలి. గ్రౌండులో నలుగురి ముందు తూకం మిషన్ ఎక్కించి నంబరు గట్టిగా చదవడం వైద్యమూ కాదు, శిక్షణా కాదు. శిక్షణంటే ఎలా ఉండాలో పాతతరం ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్‌ను చూసి నేర్చుకోవాలి. ఆయన హైదరాబాద్‌లో పిల్లలకు బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు, డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టేవాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్ ఆయన. ఆలస్యంగా చేరే పిల్లాడికి ముందుగా నేర్పాల్సింది బంతి ఎటు రాబోతుందో పసిగట్టడం.

అమ్మాయిల విషయంలో ఈ పిచ్చి ఇంకా ప్రమాదం. నిజామాబాద్ తండా బిడ్డ గుగులోత్ సౌమ్య దేశం తరఫున ఆడి, 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు వెళ్లాక మన జిల్లాల్లో బూట్లు కట్టే ఆడపిల్లల సంఖ్య పెరగాలని ఎవరికైనా ఉంటుంది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆ ఇళ్ల నుంచి వచ్చే పిల్లను సన్నబడమంటామా? ఆడుతూ తిండి తగ్గించిన అమ్మాయికి నెలసరి ఆగిపోతే "ఆటలో అంతే" అని సర్దిచెబుతున్నారు. అది ఒళ్లు మొరపెట్టుకోవడం. ఖర్చుకు తగ్గ తిండి లేక ఎముకలూ హార్మోన్లూ దెబ్బతినే ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే పేరు పెట్టి, మగపిల్లలకూ ఇది వస్తుందని హెచ్చరించింది.

మరి ఏం మానాలి? కూల్‌డ్రింక్. పావు లీటరు సీసాలో దాదాపు ఆరు చెంచాల చక్కెర. రోజూ తినే పఫ్, బజ్జీ వారానికొకసారికి రావాలి. అన్నం తిన్న వెంటనే చాయ్ వద్దు, తిండిలోని ఇనుమును ఒంటికి అందనివ్వదు. ఏం పెట్టాలంటే, పొద్దున గ్రౌండుకెళ్లేముందు ఒక అరటిపండో, బెల్లం కలిపిన గుప్పెడు అటుకులో. రాగానే కడుపు నిండా టిఫిన్, రెండు గుడ్లు. సాయంత్రం ఆటకు ముందు పల్లీలు, బెల్లం. ఆట కాగానే శనగ గుడాలో బొబ్బర గుడాలో. రాత్రి అన్నం, చిక్కటి పప్పు, ఆకుకూర, చల్ల. జొన్నరొట్టె ఇష్టమైతే జొన్నరొట్టె. ప్రొటీన్ పౌడరు డబ్బా కొనాలనుకునే తండ్రులు ఒక లెక్క వేసుకోండి: గుడ్డు ఏడు రూపాయలు, డబ్బా రెండు వేల వంద అనుకుంటే, ఆ ఒక్క డబ్బా డబ్బుకు మూడు వందల గుడ్లు. 2024లో తార్నాక పోషకాహార సంస్థే ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని చెప్పింది.

ఇదంతా ఇంట్లో తినే పిల్లల మాట. ఆడే పిల్లల్లో చాలామంది గురుకులాల్లో, హాస్టళ్లలో ఉంటారు. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం వాళ్ల డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు నెలకు 1100 నుంచి 1540 రూపాయలైంది. రోజుకు 51 రూపాయల చిల్లర. అందులోనే మూడు పూటలూ, గుడ్డూ, చికెనూ. ఆడే పిల్లలకని అదనంగా పది రూపాయలు అడగడం న్యాయమే, అడగాలి. అది వచ్చేదాకా చేయగలిగింది ఒకటుంది. పొద్దున ప్రాక్టీసుకు దిగేముందు పిల్లల చేతికి ఒక్కో అరటిపండు, ప్రాక్టీసు అయిన అరగంటలోపు వేడి టిఫిన్. దీనికి జీవో అక్కర్లేదు. పీఈటీ సారు ముందు రోజు రాత్రి వంటాయనతో ఒక మాటంటే సరిపోతుంది.